ఆకుపచ్చ పొట్లం తిన్నవాడు

"తిన్నది ఒక్కడే. కాని తప్పు మీ అందరిదీ. వాడు నములుతుంటే చుట్టూ నిలబడి నవ్వారు. దావెయ్ అన్నా, నువ్వయితే వీడియో కూడా తీశావట. దాచుకో. నా థీసిస్‌కి సంతాపసభ పెట్టినప్పుడు వేద్దువుగాని."

వెన్ జిన్‌లాన్ ఈ మాటలు అరిచి చెప్పలేదు. ఆమె అరవదు. గ్లవ్స్ ఒక్కో వేలూ విడిపిస్తూ, మెల్లగా చెప్పింది. అరిస్తే ఎవరైనా తిరిగి అరవొచ్చు. ఇలా చెబితే ఏం చేస్తారు? ల్యాబ్‌లో ఉన్నవాళ్ళంతా బుద్ధిగా నేల చూశారు. ఆమె వెనక సోనికేటర్ ఉంది, శబ్దతరంగాలతో శాంపిళ్ళని ముక్కలు చేసే యంత్రం. దాని నెత్తిన ఖాళీగా ఉంది.

ఆ ఖాళీలో శుక్రవారం దాకా ఒక ఆకుపచ్చ పొట్లం ఉండేది. కొబ్బరి రుచి వేసిన మొక్కజొన్న చిరుతిండి. పేరు గ్వాయ్‌గ్వాయ్, అంటే బుద్ధిగా ఉండు అని. తైపేలో పనిచేసే ఏ యంత్రం నెత్తినైనా ఒకటి కూర్చుని ఉంటుంది. ఆకుపచ్చదే పెట్టాలి, పసుపుది పెడితే యంత్రం అలుగుతుంది. గడువు తేదీ దాటనివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, డ్యూటీలో ఉన్న పొట్లాన్ని తినకూడదు.

ఖాంగ్ షీయావ్ తిన్నాడు.

దొంగతనంగా తింటే కొంత మర్యాదగా ఉండేది. అతను ప్రసంగం చేసి మరీ తిన్నాడు. శుక్రవారం ల్యాబ్ మీటింగ్ అయ్యాక కుర్చీ పక్కకి తోసి లేచి నిలబడ్డాడు. "మనం క్రొమాటిన్ మీద పనిచేసే మనుషులం. కణం లోపల ఏ జన్యువు ఎందుకు నోరు విప్పుతుందో లోకానికి చెబుతున్నాం. మన యంత్రానికి కాపలా ఎవరయ్యా అంటే మొక్కజొన్న పేలాలు. సిగ్గుందా మనకి?" అన్నాడు. పొట్లం చింపాడు. ప్రసంగం నిజంగా బాగుంది. అతనికి ఆకలిగా ఉన్న మాట కూడా నిజమే. విప్లవాలు సగం ఇలాగే మొదలవుతాయి.

ఇదంతా జిన్‌లాన్ మెచ్చుకుంటుందని చేశాడు. తీరా ఆమె అప్పుడు గదిలోనే లేదు, కింద టీ కొనుక్కోవడానికి వెళ్ళింది.

సోమవారం ఆమె తన శాంపిల్‌ని సోనికేటర్‌లో పెట్టింది. ముక్కలు ముక్కలు కావలసిన క్రొమాటిన్ చెక్కు చెదరలేదు. నెలాఖరులోగా ఆ ప్రయోగం ఫలితం రావాలి. రాకపోతే థీసిస్ డిఫెన్స్ వాయిదా, డిఫెన్స్ వాయిదా పడితే ఇంకో సెమిస్టర్, తైనాన్‌లో ఆమె కోసం పట్టి ఉంచిన ఉద్యోగం ఇంకొకరికి. ఇది ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

"అక్కా, నేను..." అన్నాడు షీయావ్.

"నువ్వు ఇంకో ప్రసంగం చెయ్యకు తమ్ముడూ," అంది జిన్‌లాన్.

అక్కడ చదువులో ముందున్న అమ్మాయిని అక్కా అనాలి. వెనకొచ్చినవాడు తమ్ముడు. చుట్టరికం ఏమీ ఉండదు, ఊరికే మర్యాద. కాని ఆ మర్యాద రెండేళ్ళుగా షీయావ్ గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేడు, కక్కలేడు.

జిన్‌లాన్ పరిశోధన ఆకలి గురించి. ఆకలివేస్తే కాలేయ కణం ఏం చేస్తుంది అని. ఒక్కో కణంలో రెండు మీటర్ల డిఎన్ఏ దారం ఉంటుంది. అదంతా హిస్టోన్లనే ప్రోటీన్ ఉండలకి చుట్టుకుని ఉంటుంది. దారం, ఉండలు కలిసి క్రొమాటిన్. కాలేయ కణంలో ఉన్న పుస్తకమే మెదడు కణంలోనూ ఉంది, అక్షరం తేడా లేదు. ఏ పేజీ తెరవాలి, ఏ పేజీ అంటించి పడెయ్యాలి అన్నది హిస్టోన్ల తోకల మీద పెట్టిన చిన్న చిన్న గుర్తులు చెబుతాయి. ఒక రకం గుర్తు పడితే చుట్ట వదులై పేజీ తెరుచుకుంటుంది. ఇంకో రకం పడితే బిగుసుకుంటుంది. కణం కాలేయంగా బతకాలో మెదడుగా బతకాలో తేలేది అక్కడ. పాఠ్యపుస్తకాలు రాసినవాళ్ళు మాత్రం డిఎన్ఏని పెళ్ళికొడుకుని చేసి ఊరేగించి, హిస్టోన్లని పల్లకీ బోయీల్లాగా ఒక మూల పేరాలో నిలబెట్టారు.

షీయావ్‌కి తన సంగతి కూడా ఇలాగే అర్థమైంది. ధైర్యం అనే పేజీ అతని పుస్తకంలో లేక కాదు. వందమంది ముందు మైకు పట్టుకున్నప్పుడు అది టపటప తెరుచుకుంటుంది. జిన్‌లాన్ ఎదురుగా వచ్చి నిలబడితే చాలు, చుట్ట బిగుసుకుని చాప కిందకి దొర్లిపోతుంది.

*

ఆ సాయంత్రం వాన. వాళ్ళ ల్యాబ్ ఉన్న నాన్‌గాంగ్ పేటలో వాన పడకపోతే చెప్పాలి గాని పడితే చెప్పడం దేనికి.

మూఢనమ్మకాల మీద యుద్ధం ప్రకటించిన ఖాంగ్ షీయావ్ ఆ వానలో ఆకుపచ్చ పొట్లం కోసం దుకాణం దుకాణం తిరుగుతున్నాడు. ఎక్కడా లేదు. అది అక్కడి పంచాంగంలో ఏడో నెల, దెయ్యాల నెల. ఆకలితో తిరిగే ఆత్మలకి పెట్టడానికి జనం చిరుతిళ్ళన్నీ బుట్టలకొద్దీ ఎత్తుకెళ్ళారు. పసుపు పొట్లాలు మిగిలాయి. వాటిని చూస్తేనే అతనికి భయం వేసింది. భయం వేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

చివరికి ఒక ఇనుపసామాన్ల కొట్టు ముందు దొరికింది. అరుగు మీద నైవేద్యం బల్ల, బల్ల మీద పండ్లు, నూడుల్స్, బీరు డబ్బాలు, వాటి మధ్యలో ఆకుపచ్చగా మెరుస్తూ ఒకే ఒక్క గ్వాయ్‌గ్వాయ్.

"అమ్ముతారా?" అని అడిగాడు కొట్టు ముసలాయన్ని.

"ఊరికే తీసుకో. కాని అగరుబత్తి ఆరనీ. వాళ్ళింకా తింటున్నారు."

షీయావ్ వాదించడానికి నోరు తెరిచాడు. సోనికేటర్ గుర్తొచ్చి మూశాడు. అరుగు చివర, చూరునీళ్ళు సరిగ్గా మెడ మీద పడేచోట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దెయ్యాల భోజనం ముగిసేదాకా.

"ఇక్కడేం చేస్తున్నావు?"

జిన్‌లాన్. నీలం గొడుగు, చేతిలో టీ కప్పు.

"వాన ఆగుతుందేమోనని నిలబడ్డానక్కా."

"వాన మొత్తం నీ మీదే పడుతోంది కదా."

అతను ఒక అడుగు జరిగాడు. అక్కడ ఇంకా ఎక్కువ పడింది.

ముసలాయన లోపల్నుంచి సాయం చేశాడు. "దెయ్యాలు లేచేదాకా చూస్తున్నాడమ్మా. వాళ్ళయ్యాక ఆ పచ్చ పొట్లం తనకి కావాలట. ఎవరి పిల్లాడో గాని మహా భక్తి."

జిన్‌లాన్ పొట్లం వైపు చూసింది. అగరుబత్తి వైపు చూసింది. షీయావ్ వైపు చాలాసేపు చూసింది. పెదవి ఒక పక్కకి లాగి పట్టుకుంది, నవ్వు జారిపోకుండా.

"శుక్రవారం ప్రసంగంలో ఈ భాగం లేదని విన్నాను."

"ఇది సవరణ."

"సిగ్గుందా మనకి, అన్నావట."

"ఉందక్కా. ఇప్పుడు చాలా ఉంది. తడిసిపోయింది గాని."

ఆమె గొడుగు అతని మీదకి జరిపింది. గొడుగు చిన్నది. ఆమె ఎడమ భుజం, అతని కుడి భుజం వానకి వదిలేసి మిగతా రెండు భుజాలూ లోపల సర్దుకున్నాయి. షీయావ్ ఊపిరి కూడా లెక్కగా పీల్చాడు, ఎక్కువైతే తగులుతుందేమోనని. ఇంతటి మహావక్తకి ఆ సమయంలో తోచిన మాట ఒకటే. "టీలో ఐసు ఎక్కువైందా అక్కా?"

"ఎక్కువ కాలేదు."

అగరుబత్తి సగానికి వచ్చింది. వానకి పొగ పైకి పోలేక అరుగంతా తిరుగుతోంది. జిన్‌లాన్ ఉన్నట్టుండి, "ఒకవేళ పొట్లం కాకపోతే?" అంది.

"అంటే?"

"అంటే, కారణం పొట్లం కాదనుకో. యంత్రమూ కాదనుకో."

"ఇంకేముంటుందక్కా?"

ఆమె ఏదో చెప్పబోయింది. బుగ్గ లోపల కొరుక్కుని ఆపేసింది. "ఏం లేదు. అదిగో, ఆరిపోయింది. తీసుకో. దండం పెట్టి తీసుకో."

అతను దండం పెట్టాడు. ముసలాయన మెచ్చుకోలుగా తల ఊపాడు. షీయావ్ జీవితంలో ఒక ముసలివాడు అతన్ని మెచ్చుకోవడం అది రెండోసారి. మొదటిసారి కూడా ఇలాంటి తప్పుకే.

*

మంగళవారం పొద్దున కొత్త పొట్లం సోనికేటర్ నెత్తినెక్కింది. మిగిలిన శాంపిల్ మళ్ళీ వేశారు. ముక్కల సైజు చూపించే జెల్ మీద చూస్తే అదే వరస. ముక్కలై కిందికి జారాల్సిన క్రొమాటిన్ పైన బండరాయిలా కూర్చుంది.

దావెయ్ అన్న ల్యాబ్‌లో అందరికంటే పాత మనిషి. అన్ని యంత్రాల జాతకాలూ చెబుతాడు. అతను పొట్లం వాసన చూసి తీర్పు ఇచ్చాడు. "ఒరేయ్, ఇది దెయ్యాల ఎంగిలి. దీనికి శక్తి ఎక్కడుంటుంది? వాళ్ళు తాగేశారు."

ప్రొఫెసర్ ల్యావ్ మేడమ్ వచ్చి జెల్ చూసింది. పొడుగు మాటలు ఆమెకి పడవు. "మూడింటికి కంపెనీ మనిషి వస్తాడు. యంత్రం పట్టుకెళ్తాడు. నెల పడుతుందట," అని వెళ్ళిపోయింది.

నెల. జిన్‌లాన్ కుర్చీలో కూర్చుని తన కప్పు మూత తీసింది, మళ్ళీ పెట్టింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గదిలో లైట్లు ఆపేశారు. అది నిద్ర వేళ. ఎవరి బల్ల మీద వాళ్ళు చిన్న దిండు పెట్టుకుని తల వాల్చారు. ఆ గంటలో పిపెట్ కిందపడినా నేరమే.

షీయావ్‌కి నిద్ర పట్టలేదు. పొట్లం మీద కోపం, దెయ్యాల మీద కోపం, అన్నిటికంటే దండం పెట్టిన తన చేతుల మీద కోపం. మెల్లగా పక్క గదిలోకి వెళ్ళాడు. దావెయ్ అన్న పాత శాంపిల్ కొద్దిగా మిగిలి ఉంటే దాన్ని సోనికేటర్‌లో పెట్టాడు. పని అయిందని చెప్పడానికి జెల్ అక్కరలేకపోయింది. చిక్కగా మబ్బుగా ఉన్న నీళ్ళు కళ్ళెదుటే తేటబడ్డాయి. అయినా చిన్న జెల్ మీద వేసి చూశాడు. ముక్కలన్నీ కిందికి చక్కగా జారాయి, జల్లెడ పట్టిన పిండిలాగా.

యంత్రానికి ఏ రోగమూ లేదు.

అయితే రోగం శాంపిల్‌ది. జిన్‌లాన్ శాంపిల్ కట్టింది ఎప్పుడు? గురువారం. పొట్లం ఇంకా నిండుగా కూర్చుని ఉన్న గురువారం.

షీయావ్ వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టాడు.

క్రొమాటిన్ మీది గుర్తులు చెదరకుండా ముందు ఫార్మాల్డిహైడ్ పోసి కట్టేస్తారు. పది నిమిషాలు. ఆపైన గ్లైసిన్ పోసి ఆ కట్టడాన్ని ఆపాలి. ఆలస్యమైతే హిస్టోన్లూ దారమూ ఒకదాన్నొకటి కరిచిపట్టుకుని బిగుస్తాయి. అప్పుడు ఏ సోనికేటరూ విడదీయలేదు. గురువారం ఫార్మాల్డిహైడ్ పోసింది షీయావ్. పక్కన కూర్చుంది జిన్‌లాన్. అతను అప్పుడే తన చిన్నప్పటి కథ మొదలుపెట్టాడు.

వాళ్ళది చ్యాయి ఊరు. తొమ్మిదేళ్ళప్పుడు మాజు అమ్మవారి పల్లకీ వాళ్ళ వీధిలోకి వచ్చింది. పల్లకీ కింద దూరితే మంచిదని ఊరంతా రోడ్డు మీద వరసగా బోర్లా పడుకుంది. షీయావ్ అప్పటికే మేధావి. పల్లకీ అలా ఊగుతుందంటే లోపల స్ప్రింగులుంటాయని, జనాన్ని మోసం చేస్తున్నారని నిరూపించడానికి కిందికి వంగి తొంగి చూశాడు. బోయీలు ఆగలేదు. అమ్మవారు అతని మీదుగా వెళ్ళిపోయింది. లేచేసరికి చొక్కా నిండా టపాకాయల కాగితాలు, నుదుటి మీద గీరు. గుడి పెద్ద అతని తల నిమిరి, ఇంత చిన్నవాడికి ఇంత భక్తి ఏమిటని కళ్ళు తుడుచుకున్నాడు. టర్కీ కోడి మాంసం అన్నం అమ్ముకునే వాళ్ళమ్మ ఆ రోజంతా వచ్చినవాళ్ళకి ఆ సంగతే చెప్పింది. ఇప్పటికీ చెబుతోంది.

ఆ కథకి జిన్‌లాన్ నవ్వింది. అరవని మనిషి, నవ్వితే మాత్రం ఆపుకోలేదు. కళ్ళజోడు తీసి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వు ఇంకాస్త చూడాలని షీయావ్ బోయీలు ఎలా నడిచారో నటించి చూపించాడు. ఒక్కొక్కరినీ. కణాల పళ్ళెం అక్కడే ఉంది. ఫార్మాల్డిహైడ్ తన పని తాను చేసుకుంటూనే ఉంది.

పొట్లానికి పాపం తెలియదు.

మూడింటికి కంపెనీ మనిషి వస్తాడు. నోరు మూసుకుంటే చాలు, తప్పు యంత్రానిదీ దెయ్యాలదీ అయిపోతుంది. జిన్‌లాన్ దగ్గర కణాలింకా ఒక్క పళ్ళెం ఉన్నాయి. యంత్రం ఇక్కడే ఉంటే ఈ రోజే మళ్ళీ చేసుకోవచ్చు. అంటే ఇప్పుడే చెప్పాలి. చెప్పాలంటే, ఎందుకు ఆలస్యమైందో కూడా చెప్పాలి. మామూలు మతిమరుపు అంటే ఆమె నమ్మదు. అతను అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి, ల్యాబ్ మొత్తానికి తెలుసు.

చీకటి గదిలోకి వచ్చి ఆమె బల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా." దోమ పాడినట్టు వచ్చింది గొంతు. "అక్కా, నిద్రపోతున్నారా?"

"లేదు," అంది ఆమె దిండులోంచి.

"యంత్రం బాగానే ఉంది. తప్పు నాది. గురువారం ఎక్కువసేపు ఉంచేశాను. గ్లైసిన్ ఆలస్యంగా పోశాను."

"ఎందుకు పోశావు ఆలస్యంగా?"

చుట్టుపక్కల గురకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. షీయావ్‌కి అది వినపడలేదు. గుండె చప్పుడు అడ్డొచ్చింది.

"మీరు నవ్వుతున్నారు కదా. నేను... చూస్తున్నాను. టైమర్ మోగుతుందిలే అనుకున్నాను. అది కూడా మోగలేదు."

"మోగింది."

"ఏది?"

జిన్‌లాన్ తల ఎత్తింది. చీకట్లో జుట్టు ఒక పక్కకి అణిగి ఉంది. కోటు జేబులోంచి టైమర్ తీసి బల్ల మీద పెట్టింది. "నా జేబులో మోగింది. నొక్కేశాను. నువ్వప్పుడు రెండో బోయీ నడక చూపిస్తున్నావు. అది అయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత మూడో బోయీ వచ్చాడు."

షీయావ్ టైమర్‌ని చేతిలోకి తీసుకుని చూశాడు.

"నిన్నటి నుంచీ పొట్లం మీద పెట్టి అందరినీ తిట్టాను," అంది ఆమె. "పొట్లం అయితే బాగుండునని. టైమర్ నేనే నొక్కానని, ఎందుకు నొక్కానో, ఎవరితో చెప్పుకోను? నిద్ర పట్టక మేడమ్‌కి చెప్పడానికి మాటలు కూడబలుక్కుంటున్నాను. నువ్వొచ్చి ముందే చెప్పేశావు."

"మరి నన్ను ఎందుకు తిట్టారక్కా?"

"తిన్నావు కదా. అది వేరే లెక్క."

పక్క బల్ల మీంచి దావెయ్ అన్న దిండులోకి దగ్గాడు. ఆ దగ్గులో నిద్ర ఏ కోశానా లేదు.

*

కంపెనీ మనిషి వచ్చి, టీ తాగి, ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు. ల్యావ్ మేడమ్ ఇద్దరి మాటా విని, కళ్ళజోడు మీదుగా ఒకరి తర్వాత ఒకరిని చూసింది. "ఇకనుంచి రెండు టైమర్లు పెట్టుకోండి. చెరో వైపు," అంది. ఆ ల్యాబ్‌లో అంతకంటే పెద్ద ఆశీర్వాదం ఎవరికీ దక్కలేదు.

ఆఖరి పళ్ళెం ఇద్దరూ కలిసే కట్టారు. మొహాలు చెరో గోడకి పెట్టి, మాట్లాడుకోకుండా. షీయావ్ గోడ మీది అగ్నిప్రమాద సూచనలు మొదటినుంచి చివరిదాకా చదివాడు. రెండు టైమర్లూ మోగాయి. ఇద్దరి చేతులూ గ్లైసిన్ సీసా మీద ఒకేసారి పడ్డాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు సాయంత్రం జెల్ వచ్చింది. దీపం కింద ఆ ముక్కలు చిన్నవిగా, నున్నగా, కిందకంటా జారి ఉన్నాయి. జిన్‌లాన్ చాలాసేపు బొమ్మనే చూసింది. తర్వాత గట్టిగా ఒక ఊపిరి వదిలింది. నెలాఖరు ఇంకా ఉంది. తైనాన్ ఉద్యోగం ఇంకా ఉంది.

"చూశారా," అన్నాడు దావెయ్ అన్న, ల్యాబంతా వినేలా. "పొట్లం మహిమ. దెయ్యాల ఎంగిలయినా ఆకుపచ్చదే కదా."

షీయావ్ నోట్లో పెద్ద ప్రసంగం సిద్ధమైంది. జిన్‌లాన్ మోచేత్తో పొడిచింది. మింగేశాడు. పొట్లానికి దక్కిన కీర్తిని పొట్లానికే వదిలేశాడు. వీరుడు ఓడిపోయే తీరు అదే మరి, ఎవరికీ తెలియకుండా, ఒక మోచేతికి.

"తైనాన్ నుంచి మీ చ్యాయికి రైల్లో ఎంతసేపు?" అంది జిన్‌లాన్, జెల్ మీంచి కళ్ళు తియ్యకుండా.

"గంట కూడా పట్టదక్కా. మా అమ్మ అన్నం పెడుతుంది. పల్లకీ కథ కూడా చెబుతుంది. ఆవిడ కథలో నేను మహాభక్తుణ్ణి."

"ఆవిడ కథే నిజమేమో. దండం పెట్టడం నా కళ్ళతో చూశాను." ఆమె అతని వైపు తిరిగింది. "నిన్న చీకట్లో అన్నీ చెప్పావు. ఒక్కటి మాత్రం మానలేదు. మాటకొకసారి అక్కా అన్నావు. ఇప్పుడు కూడా అన్నావు."

షీయావ్ చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం ఏమీ ఆడకుండానే.

"జి... జిన్..."

గదిలో పిపెట్లన్నీ ఆగిపోయాయి. దావెయ్ అన్న జేబులోంచి ఫోను తీస్తున్నాడు. మేడమ్ గది తలుపు వేలెడంత తెరుచుకుంది.

"వినపడలేదు," అంది జిన్‌లాన్. "మొక్కజొన్న పేలాల మీద ప్రసంగానికి నీకు గొంతు ఎక్కడినుంచి వచ్చింది? ఆ గొంతే తియ్. ఇప్పుడు ఎవరూ నిద్రపోవడం లేదు, నిద్ర నటించడం కూడా లేదు. కుర్చీ పక్కకి తోసి లేచి నిలబడు. ఇంటిపేరు వద్దు, మర్యాద వద్దు. నా పేరు పెట్టి పిలువు. ఇప్పుడే. గట్టిగా."